ఖమర్ కుడిచెయ్యి

"ఎవర్ని అడిగి సార్‌ను వాపసు పంపినవ్?"

బషీరున్నీసా గొంతు పెద్దగా లేదు. అందుకే జాహేదాకు భయం వేసింది. అత్త అరిచిన రోజు గొడవ మధ్యాహ్నానికి సర్దుకుంటుంది. మెల్లగా మాట్లాడిన రోజు సర్దుకోదు.

"ఎవర్నీ అడగలే అమ్మీ. ఖమర్ ఇయ్యాల ప్రాక్టీసుకు రాదని నేనే చెప్పిన."

వాకిట్లో రఘుపతి సార్ లూనా చక్రాల గుర్తు ఇంకా అలాగే ఉంది. ఆయన బాలికల హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. జడ్చర్ల బస్టాండు వెనక సందులో ఉన్న ఈ ఇంటి ముందు పొద్దున్నే హారన్ కొడతాడు. ఖమర్ గ్లవ్ చంకలో పెట్టుకుని సైకిలెక్కి ఆయన వెంట గ్రౌండుకు పోతుంది. ఏడాదిగా అదే వరస. ఇవ్వాళ హారన్ మోగితే తలుపు తీసింది ఖమర్ కాదు, పెళ్ళయి ఈ ఇంటికి వచ్చి ఆర్నెల్లయినా నిండని కోడలు.

"సార్ ఏమన్నడు?" సాసర్లో చాయ్ చల్లారబెట్టుకుంటున్న మామ నూరుద్దీన్ అడిగాడు.

"ఎందుకు రాదన్నడు. చెయ్యి నొస్తాందని చెప్పిన. నాకు చెప్పలేదే అన్నడు. మీకే గాదు, ఎవ్వరికీ చెప్పది సార్ అన్న. పోయిండు."

లోపలి గదిలోంచి ఖమర్ బయటికి వచ్చింది. ఒక జడ అల్లి ఉంది, ఇంకోటి విడిగా ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. కోపం వస్తే ముక్కు చివర ఎర్రబడుతుంది.

"నా చెయ్యి నొస్తాందని నీకెవరు చెప్పిన్రు భాభీ?"

"నువ్వే."

"నేను చెప్పలే."

"నోటితోని చెప్పలే. నిన్న కుర్తా ఇడిసేటప్పుడు ఎడమ చెయ్యితోని కుడి చెయ్యిని పట్టి బయటికి గుంజుకున్నవ్. నేను చూసిన."

"అబద్ధం."

"గట్లైతె పైకెత్తు. అబ్బా ముంగట ఎత్తు."

నూరుద్దీన్ సాసర్ కింద పెట్టాడు. రోడ్డు మీద ఆయనకు స్కూటర్ల రిపేరు షాపు ఉంది. ఆ షాపు గోడకు కాబా క్యాలెండరు పక్కన, పేపర్లో జిల్లా పేజీలో పడ్డ ఖమర్ ఫోటో అతికించుకున్నాడు. ప్లగ్ శుభ్రం చేయించుకోడానికి వచ్చినవాడు కూడా ఆ ఫోటో గురించి నాలుగు మాటలు వినకుండా పోలేడు. పై ఆదివారం పాలమూరులో జిల్లా సాఫ్ట్‌బాల్ జట్టు సెలక్షన్ ఉందని బస్టాండు దగ్గర అరటిపండ్లమ్ముకునేవాడికి కూడా తెలుసు.

"ఎత్తు బేటా," అన్నాడు.

ఖమర్ ఎత్తింది. చెయ్యి భుజం దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ముఖంలో ఏమీ కనపడనివ్వకూడదని పిల్ల గింజుకుంది గాని, పళ్ళ కింద పెదవి తెల్లబడిపోయింది.

పక్కింటి రేడియోలో వార్తలు అయిపోయి పాట మొదలైంది.

"ఎప్పట్సంది?" బషీరున్నీసా అడిగింది.

"దసరా సెలవులకెల్లి."

"దసరా సెలవులకెల్లి నోరు మూసుకొని ఉన్నవా?"

"చెప్తే ఆడనిస్తరా?"

"ఏం కాదు," నూరుద్దీన్ లేచాడు. "పహిల్వాన్ దగ్గరికి తీస్కపోత. నూనె రాసి పట్టీ గడ్తడు. ఆదివారం దాన్క మంచిగైతది. గింత దానికి ఫికర్ ఎందుకు?"

"పట్టీ గడ్తే నొప్పి తెలువది అబ్బా," అంది జాహేదా. "లోపల దెబ్బ మాత్రం తింటనే ఉంటది. గామె ఇసిరే తీరుల ఉంది తప్పు. గది మార్చకుండ ఎన్ని పట్టీలు గట్టినా గంతే."

బషీరున్నీసా కోడలి వైపు తిరిగింది.

"నీకేం ఎరుక దుల్హన్? రఘుపతి సార్ ఎన్నేండ్లసంది పిల్లల్ని ఆడిపిస్తుండు. నువ్వు నిన్న మొన్న ఇంట్ల అడుగు వెట్టినవ్. అన్నీ ఎరుకైనట్టు మాట్లాడ్తున్నవ్."

జాహేదా చేతిలోని చాయ్ గిన్నెను గట్టు మీద పెట్టింది. అత్త ముఖంలోకి చూస్తూ తన కుడిచెయ్యి పైకెత్తింది. అది ఖమర్ చెయ్యి ఆగినంత ఎత్తుకు కూడా రాలేదు. రొమ్ము దగ్గరే నిలిచిపోయింది.

"నేను నల్లగొండ జిల్లా జట్టుల బంతి ఇసిరే పిచ్చర్‌ను అమ్మీ. మోత్కూర్ల చదివేటప్పుడు మా స్కూలుకు ఆడిన, ఇంటర్ల జిల్లాకు ఆడిన. నాకు గూడ నూనె రాసిన్రు. పట్టీ గట్టిన్రు. గీ ఒక్క మ్యాచు ఆడు, అయిపోతది అన్నరు. గా మ్యాచు గెలిచినం. అప్పట్సంది నా చెయ్యి గింతే లేస్తది."

ఖమర్ దగ్గరికి వచ్చి ఆ చెయ్యిని చూసింది.

బషీరున్నీసా ముఖంలో మాత్రం జాలి లేదు. ఇన్నాళ్ళూ ఆమె ఒకే మాట మీద కోడలితో తగువు పడుతోంది. పెద్దవాళ్ళకు నీళ్ళ గ్లాసు ఎడమ చేత్తో అందిస్తుందని. అటక మీది డబ్బా తీయమంటే ఖమర్‌ను పిలుస్తుందని. మోత్కూరోళ్ళు పిల్లకు తమీజ్ నేర్పలేదని చుట్టాలందరికీ చెప్పుకుంది. ఇప్పుడు ఆ చెయ్యి కళ్ళముందు ఆగిపోయి ఉంది.

"మీ అమ్మకు ఎరుకేనా?"

"ఎరుకే."

"లగ్గం మాట్లాడేటప్పుడు మాకెందుకు చెప్పలే?"

"చెప్పొద్దన్నది. చెప్తే సంబంధం పోతదన్నది."

"నీకు నోరు లేకుండెనా?"

"భయముండె."

"ఇప్పుడు లేదా?"

"ఇప్పుడు గూడ ఉంది," అంది జాహేదా. "గాని గీ పిల్ల చెయ్యి కన్నా ఎక్కువ లేదు."

బషీరున్నీసా కొంగు సర్దుకుని లోపలికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"నా కొడుకు యాకూబ్ రానీ. వాని లారీ కలకత్తాకెల్లి తిరిగి రానీ. వానికి చెప్పినంక చూద్దాం, గీ ఇంట్ల ఎవరుండాల్నో ఎవరు పోవాల్నో."

* * *

నూరుద్దీన్ పహిల్వాన్ దగ్గరికి పోలేదు. జాహేదా మాటలు ఎక్కడో గుచ్చుకున్నట్టున్నాయి. షాపు సగం షట్టర్ దించి బిడ్డను సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరు కోస్తా మనిషి. ఖమర్ చెయ్యి అటూ ఇటూ తిప్పి, భుజం ముందు భాగంలో బొటనవేలితో నొక్కాడు. పిల్ల కుర్చీలో నుంచి సగం లేచింది.

"ఎముక బాగానే ఉంది. కండ వాచింది. కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వండి. ఏం పని చేస్తుందండీ అమ్మాయి?"

"సాఫ్ట్‌బాల్ ఆడ్తది సార్. పిచ్చర్."

"అదేం ఆట?"

నూరుద్దీన్‌కు అంతకంటే ఏం కావాలి. అక్కడే లేచి నిలబడి, చెయ్యి భుజం చుట్టూ గిర్రున ఒక పూర్తి చుట్టు తిప్పి, తొడ పక్కనుంచి బంతి వదిలినట్టు చూపించాడు. మందుల ట్రే పట్టుకున్న కాంపౌండరు గోడకు అతుక్కుపోయాడు.

"ఇదిగో, ఇంత తిప్పితే మరి నొప్పి రాదాండీ," అన్నాడు డాక్టరు.

తిరిగి వచ్చేటప్పుడు నూరుద్దీన్ అన్నాడు. "కొన్నొద్దులన్నడు. ఎన్నొద్దులో చెప్పలే. పై ఆదివారం అంటే మస్తు దినాలున్నయ్. తక్కువైతది."

తనకు కావలసిన మాట ఒక్కటే ఆయన చెవికెక్కింది. ఖమర్‌కు నవ్వు రాలేదు.

ఇంట్లో ఆ రోజు గిన్నెల చప్పుడు తప్ప మనుషుల చప్పుడు లేదు. జాహేదా పొయ్యి దగ్గరికి వెళితే బషీరున్నీసా చేతిలోని గరిటె లాక్కుంది.

"కూసో. చెయ్యి లేనిదానివి."

జాహేదా కూర్చోలేదు. కత్తిపీట తెచ్చుకుని ఉల్లిగడ్డలు ముందు వేసుకుంది. అత్త అటు తిరిగి వండింది. కోడలు ఇటు తిరిగి కోసింది.

సాయంత్రం ఇంటి వెనక, పాత స్కూటర్ల డొల్లలు పడేసిన జాగాలో ఖమర్ వదినెను పట్టుకుంది.

"నీ చెయ్యి పోయిందని నా ఆట బంద్ చేపిస్తవా?"

"బంద్ చెయ్యమన్ననా? ఇసురుడు మార్చమంటున్న."

"మారిస్తే స్పీడ్ పోతది."

"పోతది. మొదట్ల పోతది."

ఖమర్ ఈ జవాబు ఊహించలేదు. కాదంటుందని, తను వాదించాలని సిద్ధపడి వచ్చింది.

"మల్ల వస్తదా?"

"వస్తదనుకుంటున్న."

"అనుకుంటున్నవా? నీకు ఎరుక లేదా?"

"ఎట్ల ఎరుకైతది? నాకు సమజైనప్పటికి ఇసిరెటందుకు చెయ్యి లేకపాయె." జాహేదా ఒక బోర్లించిన డొల్ల మీద కూర్చుంది. "చెయ్యి మెడకు కట్టుకొని మా టీమెంట ఒక టోర్నమెంటుకు పోయిన. ఊకె మెట్ల మీద కూసొని చూసుడే. బయటి రాష్ట్రంకెల్లి ఒక పిల్ల వచ్చింది. నీకన్నా బక్కది. పొద్దంత ఇసిరింది. పొద్దుమీకినంక తన సంచి తానే కుడిభుజానికి తగిలిచ్చుకొని పోతాంది. నాకు కండ్లల్ల నీళ్ళచ్చినయ్. గిదెట్లనని తెల్లారి మల్లపోయి గామె ఒక్కదాన్నే చూసిన. గా పిల్ల చెయ్యితోని ఇసురుతలేదు ఖమర్. కాళ్ళతోని ఇసురుతాంది. చెయ్యి ఉత్తగ ఎంట వస్తాంది."

ఖమర్ నేల మీది రబ్బరు ముక్కను కాలితో తన్నింది.

"నేనెట్ల ఇసురుతున్న?"

"నువ్వు నిలబడి ఇసురుతున్నవ్. కాళ్ళు సచ్చినట్టుంటయి. పనంత భుజమే చేస్తాంది."

"అబద్ధం."

"అబ్బా షాపు ముంగట బంద్ పడ్డ జీపును ఎన్నడన్న నూకినవా?"

"మస్తు సార్లు."

"చేతులతోని నూకుతవా?"

ఖమర్ ఆలోచించింది. జవాబు చెప్పడం ఇష్టం లేకపోయినా చెప్పింది.

"కాళ్ళతోని."

* * *

మొదటి రెండు రోజులు బంతి ముట్టనివ్వలేదు జాహేదా. ఖమర్ రెండు చేతులూ వెనక్కి పెట్టించి ఓణీతో ముడివేసింది. ఇటుక ముక్కతో నేల మీద పొడుగ్గా ఒక గీత గీసింది.

"కుడికాలితోని నేలను ఎనుకకు తన్ను. ఎడమకాలు ముంగటికి వడాలె. గీత మీద."

ఖమర్ దూకింది. కిందికి చూసుకుంది. ఎడమకాలు గీత దాటి కుడిపక్కన పడి ఉంది. మళ్ళీ దూకింది. మళ్ళీ అదే.

"చూసినవా? కాలు గట్ల అడ్డం పడితే నీ నడుమే నీ చెయ్యికి అడ్డమైతాంది. చెయ్యి నడుమును తప్పించుకొని చుట్టు తిరిగి రావాలె. రోజూ గక్కడ్నే భుజానికి దెబ్బ."

వాపు కాస్త తగ్గాక గోడ దగ్గర నిలబెట్టింది. కుడిభుజం గోడ పక్కకు. ఉత్త చెయ్యి మెల్లగా తిప్పాలి. తిప్పిన చెయ్యి చెవి పక్కనుంచి పోయి తొడ పక్కకు రావాలి. గోడకు తగలకూడదు. మొదటిసారి తిప్పగానే మోచెయ్యి సున్నానికి గీరుకుపోయి నెత్తురు వచ్చింది.

"గోడ దగ్గర నిలవెట్టి చంపుతున్నవ్," అంది ఖమర్.

"నీ మోచెయ్యి బయటికి పోతాంది. నేను చెప్తే నమ్మవు. గోడ చెప్తే నమ్ముతవని పెట్టిన."

"నడుము నొస్తాంది."

"వంగుతున్నవ్ గనక. బంతి ఇడిసేటప్పుడు వంగకు. నిటారుగ ఉండు. వంగితే బరువంత మల్ల భుజం మీదికే వస్తది."

బషీరున్నీసా తడి బట్టలు ఆరేయడానికి వచ్చింది. బట్టలన్నీ ఆరేయడం అయిపోయింది. అయినా ఖాళీ బకెట్టు పట్టుకుని తీగ దగ్గరే నిలబడింది. జాహేదా చూసేసరికి లోపలికి పోయింది.

చివరికి బంతి ఇచ్చిన రోజున గోడకు గోనెసంచులు వేలాడదీశారు. దగ్గర్నుంచే వేయమంది జాహేదా. ఖమర్ వేసిన బంతి సంచి దాకా చేరకుండానే నేల మీద పడి దొర్లింది. తర్వాతది పక్కనున్న డొల్లకు తగిలింది. ఆ తర్వాతది సంచిని ముట్టుకుని, అలసిపోయినట్టు కింద పడింది.

ఖమర్ గ్లవ్ విసిరికొట్టి మట్టిలో కూర్చుంది.

"గిట్లేస్తే పిల్లగాండ్లు గూడ కొడ్తరు."

"కొట్టనీ."

"నీకేం. గ్రౌండుల దిగేది నువ్వు గాదు గదా."

జాహేదా ముఖం మాడింది. గ్లవ్ తీసుకుని ఎడమ చేత్తో దుమ్ము దులిపి ఖమర్ ఒడిలో పెట్టింది.

"అవు. నేను దిగలేను. అందుకే ఇంత కొట్లాడ్తున్న. లే."

ఖమర్ చాలాసేపు లేవలేదు. తర్వాత లేచింది. కోపంగా, ఎలా పడితే అలా, కుడికాలితో నేలను గట్టిగా తన్ని వదిలింది. గోనెసంచి లోపలికి కుంగింది. దాని నిండా ఉన్న పాత తవుడు పొగలా లేచింది.

ఖమర్ ఎడమ చెయ్యి కుడిభుజం మీదికి పోయింది. తడుముకుంది.

"నొచ్చిందా?"

"లే," అంది ఖమర్. సంతోషంతో కాదు. తన భుజం తనను మోసం చేస్తోందేమో అన్నట్టు.

* * *

శనివారం సాయంత్రం రఘుపతి సార్ స్వయంగా వచ్చాడు. నూరుద్దీనే పిలిపించాడు. మంచం వేశారు. చాయ్ ఇచ్చారు. పిల్లలను కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషి కాదు. సొంత డబ్బుతో బంతులు కొని ఆడించే మనిషి. అందుకే ఆయన ముందు మాట్లాడటం కష్టం.

"జాహేదమ్మా, నువ్వు చెప్పేది తప్పని నేనంటలే. గాని టైమంటూ ఒకటుంటది గదా. రేపు సెలక్టర్లు ముందుగాల స్పీడ్ చూస్తరు. గీ పిల్ల ఇప్పుడు మధ్యల ఉన్నది. పాతది ఇడిసింది, కొత్తది రాలే. రేపొక్క పూట పాత లెక్క ఎయ్యనీ. జట్టుల పడ్డంక నేనే దగ్గరుండి మార్పిస్త."

"సార్ సరిగ్గనే చెప్తుండు," అన్నాడు నూరుద్దీన్.

"నాకు చెప్పిన సార్ గూడ మంచోడే," అంది జాహేదా. "ఆయన గూడ ఒక్క పూటనే అన్నడు."

"నా దగ్గర బొచ్చెడు మంది పిల్లలున్నరమ్మా. రోజు ఒక్కొక్కరి భుజం పట్టి చూసుకుంట కూసోవాల్నా?"

"చూడాలె సార్. ఇసిరిపిస్తున్నది మీరే గద."

మంచం మీద ఇద్దరు మగవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తలుపు చాటున నిలబడిన బషీరున్నీసా అప్పుడు మాట్లాడింది. గరిటె లాక్కున్న రోజు తర్వాత ఆమె కోడలున్న చోట నోరు విప్పడం అదే మొదటిసారి.

"సార్, గీ పిల్ల చెయ్యి పోతే రేపు ఏ ఇంటికి దాచిపెట్టి పంపాలె నేను? గట్ల పంపిన తల్లిని ఎట్ల తిడ్తరో నాకు ఎరుకే. వారం దినాలసంది నేనే తిడ్తున్న."

ఆ మాట సార్‌కు తగిలిందా, జాహేదాకు తగిలిందా ఎవరికీ తెలియలేదు. జాహేదా తల దించుకుంది.

గోడకు ఆనుకుని ఉన్న ఖమర్ ముందుకు వచ్చింది.

"నేను రేపు వస్త సార్. గాని పాత లెక్క ఎయ్య."

"గట్లైతే పిచ్చర్ జాగాల నిన్ను నిలవెట్టుడు కష్టం ఖమర్."

"నిలవెట్టున్రి సార్. కొట్టేటోళ్ళు కొట్టనీ. నేను పనికస్తనో రానో సెలక్టర్లు చెప్తరు. ఇంట్ల కూసొని మీరే చెప్పకున్రి."

రఘుపతి సార్ కప్పు కింద పెట్టాడు. చాయ్ సగం అలాగే ఉంది. "నీ ఇష్టం," అని లేచాడు. లూనా చప్పుడు సందు మలుపు తిరిగేదాకా నూరుద్దీన్ కదల్లేదు.

"నా ఇజ్జత్ తీసినవ్," అన్నాడు బిడ్డతో. "బజారంత చెప్పుకున్న."

"చెప్పుకోమని నేనన్ననా? నీ ఇజ్జత్ షాపుల గోడకు అతికిచ్చుకున్నవ్ అబ్బా. చెయ్యి నాది."

తండ్రితో ఆ పిల్ల అంత మాట ఎప్పుడూ అనలేదు. నూరుద్దీన్ చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అన్నం వేళకు కూడా రాలేదు.

* * *

ఆదివారం పొద్దున మాత్రం బస్టాండులో బిడ్డ కంటే ముందే ఉన్నాడు. రెండు టికెట్లు తీసుకున్నాడు. పాలమూరు చేరేదాకా ఒక్క మాట లేదు.

గ్రౌండు నిండా పిల్లలు, ఎర్రమట్టి దుమ్ము. రఘుపతి సార్ ఖమర్‌ను చూశాడు, పిలిచాడు, పిచ్చర్ జాగాలోనే నిలబెట్టాడు. ముఖంలోకి మాత్రం చూడలేదు. ఎదురుగా బంతి పట్టడానికి గుర్వమ్మ కూర్చుంది. ఆమె ఖమర్ స్కూలే. ఇంట్లో గొర్లు కాస్తారు. ఖమర్ బంతి ఎంత వేగంగా వస్తుందో గుర్వమ్మ అరచేతికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మొదటి బంతి బ్యాటు దాకా పోకుండానే నేలకు పడింది. రెండోది తిన్నగా, మెత్తగా పోయింది. బ్యాటు పట్టిన పిల్ల దాన్ని ఆనందంగా కొట్టింది. బంతి సెలక్టర్ల కుర్చీల పైనుంచి పోయింది. ఎవరో నవ్వారు.

"పాత లెక్క ఎయ్యి," గ్రౌండు చుట్టూ కట్టిన తాడు అవతలినుంచి నూరుద్దీన్ కేకేశాడు. "ఖమర్, పాత లెక్క ఎయ్యి."

గుర్వమ్మ ముఖానికి కట్టుకున్న జాలీ ముసుగు పైకెత్తుకుని పరుగున వచ్చింది.

"ఏమైందే నీకు? సార్ చూస్తుండు. పాతది ఒక్కటన్న ఎయ్యి, నోర్లు మూస్తరు."

ఖమర్‌కు వేయాలని ఉంది. ఒంట్లో ప్రతి నరానికీ ఉంది. భుజం బిగించి ఒక్కటి విసిరితే ఆ నవ్వులు ఆగిపోతాయి, తండ్రి తల ఎత్తుకుంటాడు. చెయ్యి కూడా దానంతట అదే బిగుసుకుంటోంది.

"పోయి కూసో. పట్టుడు నీది, ఏసుడు నాది," అంది.

కుడికాలు నేలలో నాటుకుంది. తన్నింది. ఆ బంతి మంచిదే. తర్వాతది కాదు. ఆ తర్వాత ఒక పొడుగాటి పిల్ల బ్యాటు ఊపి గాలిని కొట్టింది, తన బ్యాటు వైపు తనే అనుమానంగా చూసుకుంది. గుర్వమ్మ గ్లవ్‌లో చప్పుడు రెండు మూడుసార్లు గట్టిగా మోగింది. మధ్యలో మళ్ళీ రెండు బంతులు బ్యాటు దెబ్బ తిని దూరం పోయాయి.

మధ్యాహ్నం పేర్లు చదివారు. గుర్వమ్మ పేరుంది. ఖమర్ పేరు లేదు.

పిచ్చర్‌గా ఎంపికైంది వనపర్తి వైపు పిల్ల. కుళాయి దగ్గర నీళ్ళు తాగుతుంటే ఖమర్ ఆమెను దగ్గర్నుంచి చూసింది. నీళ్ళకని పైకి లాక్కున్న కుర్తా చెయ్యి కింద మోచేతి నుంచి పైకి పట్టీ ఉంది.

"నొస్తాందా?"

ఆ పిల్ల ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. "జరంత. ఎవ్వరికి చెప్పకు."

"జడ్చర్ల బస్టాండు ఎనుక సందుల మా ఇల్లు. స్కూటర్ల నూరుద్దీన్ ఇల్లంటే చెప్తరు. మా భాభీ ఉంటది. రా."

ఆ పిల్ల కుర్తా చెయ్యి కిందికి లాక్కుని వెళ్ళిపోయింది.

బస్సులో కిటికీ పక్కన నూరుద్దీన్ కూర్చున్నాడు. ఊరు దాటాక అడిగాడు.

"నొప్పుందా?"

"జరంత. మునుపటి లెక్క లేదు."

"పాత లెక్క ఏసుంటే పేరు వస్తుండె."

"వస్తుండె," ఒప్పుకుంది ఖమర్. "చెయ్యి పోతుండె. భాభీది చూసినవ్ గద."

నూరుద్దీన్ కిటికీలోంచి బయటికి చూశాడు. పొలాలు, గుండ్లు, మేకలు వెనక్కి పోయాయి. జడ్చర్ల దగ్గరపడ్డాక అన్నాడు.

"గా ఆఖర్ల ఇసిరినవి మంచిగున్నయ్. సప్పుడు తాడు కాడికి ఇనొచ్చింది."

ఖమర్ ముఖం అటు తిప్పుకుంది. పేర్లు చదివినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

* * *

సందు మొదట్లో యాకూబ్ లారీ ఆగి ఉంది.

ఇంట్లో యాకూబ్ గడప మీద కూర్చుని ఉన్నాడు. ముఖం కూడా కడుక్కోలేదు. కలకత్తా దారి దుమ్మంతా చొక్కా మీదే ఉంది. పక్కన చాయ్ తొరక కట్టింది. తల్లి చెప్పాల్సింది చెప్పేసినట్టుంది. లోపలి గుమ్మంలో బషీరున్నీసా, వాకిట్లో జాహేదా. మధ్యలో అతను.

ఖమర్, నూరుద్దీన్ లోపలికి వచ్చినా ఎవరూ సెలక్షన్ గురించి అడగలేదు.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు యాకూబ్. అరవలేదు. "అమ్మీకి చెప్పకపోతివి, సరే. నాకు? నీళ్ళ బిందె ఎత్తుమన్నప్పుడు ఎత్తిన. ఎందుకని అడిగితే సుస్తీ అన్నవ్. నేను నమ్మిన."

"తప్పే," అంది జాహేదా. "ఇంక ఎవ్వరికీ దాయ. గాని ఒకటి అడుగుత, చెప్పు. లగ్గానికి ముందు చెప్పుంటే నన్ను చేసుకుంటుంటివా?"

యాకూబ్ చాయ్ కప్పు తీసుకున్నాడు, తాగకుండానే పెట్టాడు.

జాహేదా ఎదురుచూసింది. ఎంతసేపు ఎదురుచూడగలదో అంతసేపు. ఆ తర్వాత ఖమర్ వైపు తిరిగింది.

"ఏమైంది పాలమూర్ల?"

"తీసుకోలే."

"ఎట్ల ఇసిరినవ్?"

"నువ్వు చెప్పినట్టే."

"కాలు గీత మీద పడ్డదా?"

"శానసార్లు పడ్డది. రెండుసార్లు దాటింది."

"గవే కొట్టుంటరు." జాహేదా ఓణీ నడుముకు బిగించుకుంది. "నడువు. ఎనుకకు. బంతి ఒద్దు ఇయ్యాల. ఉత్త కాళ్ళే."

"జాహేదా," పిలిచాడు యాకూబ్.

"సోంచాయించుకొని చెప్పు. తొందర లేదు. అబద్ధం మాత్రం చెప్పకు."

వదినామరదళ్ళు ఇంటి వెనక్కి పోయారు. కాసేపటికి నేలను కాలితో తన్నిన చప్పుడు వినపడింది. యాకూబ్ లేచాడు. అటువైపు నడవబోయాడు. బషీరున్నీసా దారికి అడ్డంగా వచ్చింది.

"ముందు నాకు చెప్పు. ఉంచుకుంటవా, పంపుతవా?"

కొడుకు తండ్రి వైపు చూశాడు. బయట చప్పుడు ఆగింది. వెనక వాకిట్లోంచి జాహేదా గొంతు తేటగా వినవచ్చింది.

"ఆయనను తొందరపెట్టకు అమ్మీ. ఆయన జవాబు ఇన్నంక, ఉంటనో పోతనో నేను చెప్త."